గోడలో మోటారు కేబుల్

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లేదు. గిద్దలూరులో మైక్ సెట్లు బాగుచేసే దుకాణంలో ఆరు నెలలు పనిచేశాను కాబట్టి (అందులో నాలుగు నెలలు టీలు తేవడమే), బేస్తవారిపేట పక్కన మా ఊళ్లో కడుతున్న కొత్త చర్చికి గోడలోంచి మైక్ లైన్లు వేసే పని ధైర్యంగా ఒప్పుకున్నాను. వైర్లు పైకి కనపడకూడదన్నది సంఘపెద్ద కోరిక. ఆయన్ని అందరం బోర్ల మామ అనేవాళ్లం, పొలంలో ఏడు బోర్లు వేయించి ఆరు ఎండిపోగా మిగిలిన పేరది. నిజానికి ఆ మైక్ అవసరం మా పాస్టరయ్యకు. గొంతులో పుండుకు ఆపరేషన్ అయ్యాక ఆయన మాట గుసగుసను మించి వచ్చేది కాదు. ఇక మందులు పనిచేయవని డాక్టర్లు చెప్పేశారు. కొత్త చర్చిలో ఒక్క ఆదివారమైనా వాక్యం చెప్పి పోవాలన్నదే ఆయన ఆశ.

మార్కాపురం దుకాణంలో సన్నటి రాగి జాలి చుట్టిన మైక్ కేబుల్ చూపించారు. బోర్ల మామ దాన్ని వంచి చూసి పెదవి విరిచాడు.

"ఏంది రా ఇది, పురికొస మాదిరి ఉండాది. నా బోరు మోటారు కేబుల్ పదేండ్లు నీళ్లల్లో నానినా చెక్కు చెదర్లేదు. గోడలో దానికేమైతాది?"

నాకూ నిజమే అనిపించింది. రాగి ఎంత లావుంటే మాట అంత బాగా పోతుందనుకునే వయసు. ఎండిన బోరులోంచి తీసిన కేబుల్‌ను కడిగి, తుడిచి, గోడ రెండుసార్లు కొట్టడమెందుకని లైట్ల వైర్లున్న గొట్టంలోనే దూర్చాను. అప్పటికి చర్చికి కరెంటు రాలేదు. బ్యాటరీ మీద ఆంప్లిఫయర్ పెట్టి చూస్తే మాట గంటలా మోగింది. కాలర్ ఎగరేసి సిమెంటు పూత వేయించేశాను.

ప్రతిష్ఠ ఆదివారానికి కరెంటు వచ్చింది. లైట్లు, ఫ్యాన్లు అన్నీ వేశారు. పాస్టరయ్యను కుర్చీతో సహా ఎత్తుకొచ్చారు. ఆయన మైక్ అందుకుని నోరు తెరిచేసరికి స్పీకర్లలో బోరు మోటారు తిరుగుతున్నట్టు ఒకటే మోత. వెనక గదిలో నేను ఏ బొత్తాం తిప్పినా ఆ మోతే పెరిగింది. (గోడలో కేబుల్‌తో పని లేకుండా ఆంప్లిఫయర్‌నే ఎత్తుకెళ్లి ఆయన పక్కన పెట్టొచ్చని సాయంత్రం అన్నం తింటుంటే తట్టింది.) ఆయన కాసేపు చూసి, మైక్ పక్కన పెట్టి, అందర్నీ దగ్గరికి రమ్మని చెయ్యూపాడు. జనం చాపలు లాక్కుని ఆయన కాళ్ల చుట్టూ చేరారు. అరగంట మాట్లాడాడు. ఊరంతా విన్నది. సిగ్గుతో వెనక గదిలోనే నిలబడిపోయిన నాకు మాత్రం ఒక్క ముక్క వినపడలేదు.

పది రోజులకు ఆయన పోయాడు. సమాధి దగ్గర మొహమాటం చంపుకుని, ఆ రోజు ఏం చెప్పాడని బోర్ల మామను అడిగాను.

"చానా చెప్పినాడు రా. ఆఖర్న నీ మాట గూడా వచ్చినాది. మైకు పిల్లోణ్ని ఎవురూ ఏమనొద్దు, వాని వల్లనే మీరంతా ఇన్నేండ్లకు నా దగ్గర కూచున్నారు అన్నాడు."

పక్క వైర్లలోని కరెంటు మోతను మాటలో కలవనివ్వకుండా ఆపేది ఆ రాగి జాలేనని తర్వాత తెలిసింది. ఇప్పుడు నేను కొన ఒలిచి, లోపల జాలి చూడందే కేబుల్ కొనను. కరెంటు వైర్లకు మూరెడు దూరంలో వేరే గొట్టం వేస్తాను. నాకు చాదస్తమని దుకాణాలవాళ్లు నవ్వుకుంటారు. ఆ మోటారు కేబుల్ ఇంకా ఆ గోడలోనే ఉంది. ప్రార్థనకు వెళ్లినప్పుడల్లా ఆ గోడ పక్కనే కూర్చుంటాను. కాలర్ ఎగరేసిన ఆ కుర్రాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. నువ్వు కూడా ముందుకెళ్లి కూర్చోవచ్చు కదరా, ఎవరు కాదన్నారు అని వాణ్ని అడగాలనిపిస్తుంది.