హ్లోగా నుంచి బండి నడిపింది మా వదిన

మా వదిన పోయిందని, ఏటి అవతల నేను కాపురముంటున్న ట్వంటేకి కబురు తెచ్చినవాడు కుండల పడవవాడు. వాంతులు పట్టుకున్నాయట, తెల్లారేసరికి అయిపోయిందట, అలాంటి రోగంలో ఆలస్యం చెయ్యకూడదని దహనం కూడా చేసేశారట. రంగూను ఎంత దూరం? నాకోసం ఒక్క పూట ఆగలేకపోయారా? పడవవాడి మీద అరిచాను. పాపం, వాడేం చేశాడు? ఆ రోజు మొదలైన కోపం ఇంకా దిగలేదు. ఈ నాలుగు మాటలూ ఆ కోపంతోనే రాస్తున్నాను. చదివేవారు మన్నించినా సరే, మానినా సరే.

మా అమ్మ పోయాక అన్నయ్య నన్ను ఓడెక్కించి రంగూను తెచ్చుకున్నాడు. లత అనే పేట దగ్గర సందులో, మేడమీద ఒక్క గది. నన్ను పెంచింది వదినే. చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతూనే బజారులో బర్మా ఆడవాళ్లతో బేరాలాడేది. వాళ్లు ఊరబెట్టి అమ్మే తేయాకు చద్దన్నంలో కలుపుకు తిని, ఆవకాయ నాకు వదిలేసేది. నాకు చిన్నప్పటినుంచీ ముక్కుమీద కోపం. అలిగి మూల కూర్చుంటే కంచం తెచ్చి ముందు పెట్టేది. "ముందర కూడు తినీ పిల్లా. కోపం ఏటి, పారిపోద్దేటి? తిన్నాక మల్లీ పడుదువుగాని" అనేది.

అన్నయ్య ఒక దొర కార్ఖానాలో ఫిట్టరు. అక్కడికి మోటారు సైకిళ్లు రిపేరుకి వచ్చేవి. కొన్నిటికి పక్కన మనిషి కూర్చోడానికి తొట్టి ఉంటుంది, సైడుకారు అంటారు. అది ఖాళీగా ఉంటే మలుపులో గాల్లోకి లేస్తుంది. అందుకని బాగుచేసిన బండిని రోడ్డుమీద పరీక్షించేటప్పుడు అందులో ఇసక బస్తా వేస్తారు. బస్తా మొయ్యడానికి బద్ధకించి అన్నయ్య వదినని కూర్చోబెట్టుకునేవాడు. "మీ అన్న నన్ను బస్తాకి బదులు పెళ్లాడాడు" అని నవ్వేది. బస్తాకైతే కళ్లుండవు. ఆవిడకి ఉన్నాయి. అన్నయ్య మైదానంలో బండి ఆపి చుట్ట వెలిగించుకుంటే, ఆ కాసేపూ బండి ఆవిడ చేతిలో ఉండేదట. ఈ సంగతి నాకు చాన్నాళ్లు తెలీదు. అన్నయ్యకి మాత్రం బాగా తెలుసు.

వానలు వెనకబట్టాక బర్మావాళ్ల దీపాల పండగ వస్తుంది. ఆ సెలవుకి కార్ఖానా వాళ్లంతా మోటారు బండ్లమీద హ్లోగా చెరువు చుట్టూ ఉన్న సర్కారు అడవికి వెళ్లి, వండుకు తిని, సాయంత్రానికి తిరిగొచ్చేవారు. నేను వెళ్లిన ఏడు అయిదారు బండ్లు బయల్దేరాయి. అన్నయ్య తోలుతున్నాడు, వెనక నేను, తొట్టిలో వదిన, ఆవిడ ఒళ్లో పులుసు గిన్నె. దారి పొడుగునా బండ్లవాళ్లు ఒకరినొకరు దాటుకుంటూ కేకలు. అంత సరదాగా నేను మళ్లీ ఎప్పుడూ లేను.

మధ్యాహ్నం మబ్బు పట్టింది. మిగతావాళ్లు వానకి ముందే ఇల్లు చేరాలని వెళ్లిపోయారు. మా బండికి గొలుసు జారింది. అది ఎక్కిస్తూ ఎక్కిస్తూనే అన్నయ్య వణకడం మొదలుపెట్టాడు. చలిజ్వరం. పళ్లు టకటకలాడుతున్నాయి, హాండిలు చేతికి నిలవడం లేదు. చుట్టూ అడవి, పొద్దు వాలుతోంది. నేను ఏడుపు లంకించుకున్నాను.

"లెగు. ఏడుపు ఇంటికెల్లాక" అంది వదిన. అన్నయ్యని ఎత్తి తొట్టిలో కూర్చోబెట్టింది. గొలుసు తనే ఎక్కించింది. చీర గోచీ పోసి కట్టి, బండి తన్ని, "ఎనకాల కూకో, నా నడుం గట్టిగా పట్టుకో" అంది. దార్లో ఇన్సేను ఊరి దగ్గర ఎడ్లబండి అడ్డం వస్తే బర్మా భాషలో ఆవిడ వేసిన కేకకి ఎడ్లు కూడా పక్కకి తప్పుకున్నాయి. నాకు భయం పోయింది. నడుం పట్టుకుని నవ్వుతూనే ఉన్నాను.

మా సందు మలుపులో బండి ఆపేసింది. "ఏటి వదినా?" అన్నాను.

"ఇది దొర బండి పిల్లా. ఆడది తోలిందంటే మీ అన్న పని పోద్ది" అంది. అన్నయ్యని జీను మీదికి ఎక్కించి, తను తొట్టిలోకి దిగి, చెయ్యి చాపి హాండిలు పట్టుకుంది. నేను వెనకనుంచి తోశాను. సందులోవాళ్లంతా అరుగులు దిగి వచ్చి, జ్వరంతో బండి తోలుకొచ్చిన మొనగాడని అన్నయ్యని చేతులమీద మోసుకెళ్లారు. ఆ కథ దొర దాకా పోయింది. అన్నయ్య హెడ్డు ఫిట్టరయ్యాడు. ఏటేటా ఆ కథ పెరిగింది. దార్లో పులి కూడా చేరింది. వదిన వింటూ అడ్డపొగ తాగేది.

పెద్దకర్మనాడు కులపెద్ద లేచి వదినని పొగిడాడు. "మగడు జొరంతో కాలిపోతంటే, పక్కన కూకుని, కల్లు మూసుకుని దేవుణ్ణి తలుసుకుంటా వొచ్చింది. బండి తోలింది మనోడే గానీ, తోలించింది ఆ తల్లి పసుపుకుంకాలు."

నా ఒళ్లు మండిపోయింది. "తోలింది ఆవిడే! కళ్లు మూసుకుంటే అడవి దాటేవాళ్లమా?" అని అరిచాను.

"దుక్కంలో ఏటో అంటంది, పాపం" అన్నాడు పెద్దాయన. ఎవరో నాకు మంచినీళ్లిచ్చారు.

"అన్నయ్యా, నువ్వు చెప్పు. ఇప్పుడు నీ పనెవడు తీసేస్తాడు?" అన్నాను.

అన్నయ్య విస్తరి వైపు చూస్తూ అన్నాడు. "నాకేటీ గ్యాపకం లేదమ్మా. జొరంలో ఉన్నాను గదా."

నేను ఆ ఇంట్లో అన్నం ముట్టకుండా వచ్చేశాను. పడవ ఎక్కాక, జ్వరంలో మనిషికి నిజంగానే తెలియదేమోనని అన్నయ్య తరఫున నాలో నేనే వాదించుకున్నాను. అన్నం పెట్టిన చెయ్యి కదా. కానీ ఆ మలుపులో జరిగింది ఇంకొకటి ఉంది.

అన్నయ్యని జీను మీద కూర్చోబెట్టాక వదిన తన చేతులు చూసుకుంది. నిండా నూనె, మసి. అన్నయ్య చేతులు చూసింది. గొలుసు పట్టిన రెండు వేళ్లు తప్ప శుభ్రంగా ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటే పట్టుకుని, పెళ్లికొడుక్కి పారాణి పెట్టినంత ఓపిగ్గా, తన చేతుల మసి అరచేతులకీ వేళ్లకీ రాసింది. తన చేతులు చీర లోపలి చెంగుకి తుడిచేసుకుంది. నేను పక్కనే నిలబడి ఉన్నాను. అన్నయ్య కళ్లు తెరిచే ఉన్నాయి. ఒక చెయ్యి అయ్యాక, రెండో చెయ్యి తనే చాపాడు.