ఉత్తరపు గోడ మీద సున్నం

నేను పదవీ విరమణ చేయడానికి రెండేళ్ల ముందు, ఉగాది వెళ్లిన వారంలో, నన్ను కర్నూలు నుంచి ఆదోని వైపు ఒక పని మీద పంపారు. అప్పటికి నేను పురాతన కట్టడాల శాఖలో సీనియర్ ఫోటోగ్రాఫరును. పేరుకు సీనియరే గానీ మా స్థానం సాంకేతిక సిబ్బందిలో చివరి వరుస. తవ్వేవారు, శాసనాలు చదివేవారు పైన ఉంటారు. అయినా మేము ఫోటో తీసి ఇవ్వకపోతే వాళ్ల ఫైలు కదలదు. ఆ గర్వం నాకు కాస్త ఎక్కువగానే ఉండేది.

పెద్దకడుబూరు మండలంలోని ఒక పల్లెలో, రోడ్డు పక్కన, కప్పు కూలిపోయిన పాత రాతి కట్టడం ఉంది. రోడ్డు వెడల్పు చేయడానికి దాన్ని తీసేయాలని ప్రతిపాదన. అది ఎప్పటిదో పత్తి గోదామనీ, గోడల మీద ఏమీ లేదనీ సర్వే రిపోర్టు వచ్చింది. ఊళ్లోని క్రైస్తవ కుటుంబాలు మాత్రం అది తమ పెద్దలు కట్టుకున్న చర్చి అనీ, ఉత్తరపు గోడ మీద సిలువ, రాత ఉండేవనీ అర్జీ పెట్టుకున్నాయి. అందరూ పొలం పనులకు పోయేవాళ్లే. నోటిమాట తప్ప వాళ్ల దగ్గర మరో ఆధారం లేదు. రాత కనపడే ఫోటో ఒక్కటి ఉంటే మా శాఖ అడ్డుపడగలదు. లేకపోతే ఈస్టర్ దాటగానే గోడలు పోతాయి.

పొద్దు నడినెత్తిన ఉండగా జీపు దిగాను. దిగి చూస్తే నాలుగు గోడలూ తెల్లగా మెరిసిపోతున్నాయి. తాజా సున్నం.

ఆ ఊళ్లో ఈస్టర్‌కు ముందు సమాధులకు సున్నం కొట్టడం ఆనవాయితీ. పండగనాడు తెల్లవారకముందే కొవ్వొత్తులు పట్టుకుని ఆ సమాధుల మధ్యే ప్రార్థన చేస్తారు. చర్చి గోడలను మాత్రం ఎన్నడూ ముట్టుకోలేదట. ఈసారి ముట్టుకున్నారు. వాళ్ల ప్రార్థనలు నడిపించే దేవదాసు అనే పెద్దాయన ఎదురొచ్చి నమస్కారం పెట్టాడు.

“మీరు ఫోటో తీయనీకి వస్తాండారని తెలిసి నిన్ననే కొట్టినాము సార్. మా గుడి మాసిపోయి కనపడితే బాగుండదు గదా,” అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. రాత కనపడాలని అర్జీ పెట్టుకున్నవాళ్లు ఆ రాత మీదే సున్నం పూస్తారా అని గట్టిగానే అడిగాను. ఆయన ముఖం వాడిపోయింది. పక్కనే సుందరమ్మ ఉంది. ఇల్లిల్లూ తిరిగి అర్జీ మీద వేలిముద్రలు వేయించిన మనిషి. ఆమె చేతిలోని కొడవలితో గోడ వైపు నడిచింది.

“గీకేస్తాము సార్. ఎంతసేపు?” అంది.

పరుగెత్తి ఆపాను. ఫోటో తీయకముందు రాతిని తాకకూడదన్నది మా వృత్తిలో మొదటి నియమం. గీకితే సున్నంతోపాటు అక్షరాల అంచులూ పోతాయి. పైగా కొడవలి గాట్లు పడ్డ రాతిని చూసి, ఆ రాత మీరే చెక్కుకున్నారని రేపు ఎవరైనా అనవచ్చు. అది చెప్పాక ఆమె కొడవలి కింద పెట్టింది.

అప్పటికప్పుడు తీసిన ఫోటోల్లో తెల్లటి గోడ తప్ప ఏమీ లేదు. రాతి మీది చెక్కడం కనపడాలంటే వెలుగు ఎదురుగా పడకూడదు. పక్కనుంచి, గోడను ఒరుసుకుంటూ పోవాలి. అప్పుడే అరిగిపోయిన గాడిలో కూడా సన్నటి నీడ నిలుస్తుంది. చలికాలమంతా ఉత్తరపు గోడకు ఎండే తగలదు. ఉగాది నాటికి పొద్దు పడమరకు కాస్త ఉత్తరంగా వాలి, దిగిపోయే ముందు ఆ గోడను అలా ఒరుసుకుంటూ పోతుంది. ఫ్లాష్‌ను పక్కనుంచి వాడవచ్చు గానీ, రాత ఎక్కడుందో తెలియని అంత పొడుగు గోడకు అది చాలదు. స్టాండు మీద కెమెరా బిగించి, గోడ పక్కన కొలబద్ద నిలబెట్టి కూర్చున్నాను. సుందరమ్మ జొన్నరొట్టె, చెనక్కాయలు నూరిన ఊరిబిండి తెచ్చి పెట్టింది. నా చేత మాటలు పడ్డవాళ్లు పెట్టిన తిండి తినడం ఇబ్బందిగానే ఉంది. ఆకలి మీద ఉన్నాను, తిన్నాను.

పొద్దు వాలేకొద్దీ గోడ తెలుపు తగ్గి పసుపు రంగుకు తిరిగింది. ముందు సిలువ తేలింది. దాని కింద ఒక గీత, గీత కింద అక్షరాలు. చకచకా తీస్తూ పోయాను. అప్పుడు అర్థమైంది. పాత రాతి మీద నాచు చారలు, పొగ మరకలు ఉంటాయి. వాటి మధ్య ఏది మరకో ఏది నీడో తెలియదు. సున్నం పొదుపుగా, పల్చగా కొట్టడం వల్ల గాడులు పూడలేదు, మరకలు మాత్రం కనపడకుండా పోయాయి. గోడ మీద ఇక నీడలే మిగిలాయి.

కెమెరా తెర మీద పెద్దది చేసి పైకి చదివాను. ‘ఈ ప్రార్థన మందిరమునకు రాళ్లు మోసినవారు’ అని ఉంది. కింద పేర్లు.

“ఆడోళ్ల పేర్లు ఉండాయా సార్?” అని అడిగింది సుందరమ్మ.

ఉన్నాయి. మగవాళ్ల పేర్ల కంటే ఎక్కువ ఉన్నాయి. ఒక్కొక్కటే చదివాను.

“మోసింది వాళ్లే గదా,” అంది. అని, కొంగుతో కళ్లు తుడుచుకుంది.

సున్నం కొట్టకపోతే ఈ ఫోటో వచ్చేది కాదని దేవదాసుతో ఒప్పుకున్నాను. ఆయన ఇంకా జంకుతూనే, అయితే వచ్చే ఏడూ కొట్టేదా అని అడిగాడు. సమాధులకే కొట్టమనీ, గోడ జోలికి వెళ్లొద్దనీ చెప్పాను.

ఆ ఫోటోలు జతచేసి మా సహాయ సంచాలకులు ఫైలు పైకి పంపారు. ప్లానులో రోడ్డు గీతను అవతలి వైపుకు జరిపారు. ఇప్పుడు ఆదోని బస్సు అక్కడ చిన్న మలుపు తిరిగి పోతుంది.

మా వృత్తిలో ‘గోడ మీద ఏమీ లేదు’ అని రాయడం చాలా తేలిక. ఆ తర్వాతి రెండేళ్లలో నేను ఆ మాట ఒక్కసారి కూడా రాయలేదు. ఏ గోడను, ఏ నెలలో, ఏ పొద్దులో చూస్తే ఏమీ కనపడలేదో రాశాను.