డాక్టర్ మొదటి డోసు

మా బావ జెరాక్స్ మిషన్ల మెకానిక్. పొద్దంతా ఆఫీసుల చుట్టూ తిరిగి, మోచేతుల దాకా నల్లపొడి పూసుకుని ఇంటికొస్తాడు. ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే "ఏంటి పని?" అంటాడు. ఈ మనిషికి ఒక వెబ్‌సైటుందని, దానికోసం ఎక్కడెక్కడివాళ్ళో ఎగబడతారని చెబితే ఆయన పనిచేసే ఆఫీసుల్లో ఒక్కడూ నమ్మడు.

సైటు పాత వీడియోగేముల గురించి. ఆ గేములు ఆడే మిషన్లు ఇప్పుడెవరూ తయారుచెయ్యరు. కంప్యూటర్ చేత ఆ పాత మిషన్ వేషం వేయించే ప్రోగ్రాముని ఎమ్యులేటర్ అంటారు. దాన్నెలా నడపాలో చెబుతూ బావ మొదట ఒకే ఒక్క పేజీ పెట్టాడు. అది ఆయన తమ్ముడు లారీ కింద పడి చనిపోయిన ఏడాది.

ఆ తమ్ముడు వదిలిపోయిందల్లా ఒక గేము క్యాసెట్టు. అరచేతిలో పట్టే ప్లాస్టిక్ డబ్బా. దానిమీద బొమ్మ సగం చిరిగిపోయింది. మిగిలిన సగంలో ఉన్న వీరుడికి తమ్ముడు స్కెచ్‌పెన్నుతో మీసాలు గీశాడు. లోపల బొత్తాం అంత బ్యాటరీ ఒకటుంటుంది. ఆడినంత వరకూ ఆటని గుర్తుపెట్టుకునేది అదే. మిషన్‌లో పెట్టి స్విచ్ వేస్తే తమ్ముడి పేరు వస్తుంది, పక్కన గెలవాల్సిన ఆఖరి కోట. బావ ప్రతి ఆదివారం ఆ పేరు చూసి ఆపేసేవాడు. ఎప్పుడూ ఆడలేదు.

"ఆ బ్యాటరీ ఎన్నాళ్ళుంటుందండీ? అందరివీ మారుస్తారుగా, దీనికీ కొత్తది వెయ్యండి" అనేది అక్క.

"దీన్ని విప్పాలంటే మనసు రాదే. చూద్దాంలే."

సైటు పెరిగింది. ప్రశ్నలడిగే గది ఒకటి తెరిచాడు. మొదట్లో ఎంత తెలివితక్కువ ప్రశ్నకైనా ఓపిగ్గా జవాబు రాసేవాడు. అందరి రోగాలూ కుదురుస్తున్నాడని జనం డాక్టర్ అని పేరు పెట్టారు. తర్వాత అదే ప్రశ్న రోజూ వచ్చి రోజూ వచ్చి ఆయన బుర్ర తినేసింది. పేజీ చదవకుండా అడిగేవాళ్ళకి డాక్టర్ మందు మార్చాడు. కావాలని తప్పు జవాబు చెప్పేవాడు. దానికి మొదటి డోసు అని పేరు. పాతవాళ్ళంతా "నాకూ ఇలాగే నయమైందండీ" అని వంత పాడేవాళ్ళు. కొత్తవాడు తన మిషన్ తగలేసుకుని ఏడుస్తూ వస్తే, ఆ ఏడుపుని "వార్డు" అనే పేజీలో అందరికీ కనబడేలా వేలాడదీసేవాళ్ళు. సైటుకి సగం జనం ఆ వార్డు కోసమే వచ్చేవాళ్ళు.

"పాపం కదా బావా?" అన్నాను ఒకసారి.

"పాపమేంట్రా, చదవకుండా వచ్చేవాడికి అదే చదువు. నీకూ ఓ డోసు పడుంటే కాలేజీలో నిలబడేవాడివి" అన్నాడు.

అక్క బట్టలు కుడుతుంది. సైటంటే బావ స్నేహితులుండే మంచి చోటని ఆమె నమ్మకం. డాక్టర్ ఎవరో తెలీదు. వార్డు సంగతి నేనూ చెప్పలేదు, బావ ఎలాగూ చెప్పడు. ఎప్పుడో దుమ్ము దులుపుతూ క్యాసెట్టు జరిపిందని ఆయన వారం మాట్లాడకుండా కూర్చున్నాడు. అందుకని ఆయన్ని అడగలేదు. ఆయన వాయిదా వేస్తున్న పని తనే చేసి చూపిద్దామనుకుంది. "సూదీదారం" అనే పేరుతో తన ఫోన్లోంచి సైటులో చేరి అడిగింది:

"అన్నలూ, గేము క్యాసెట్టులో పాత బ్యాటరీ మార్చాలి. అందులో మా ఇంట్లోవాళ్ళ ఆట ఉంది. పోకుండా ఎలా మార్చాలో చెప్పండి."

ముందు ఆటని కంప్యూటర్లోకి ఎక్కించి, ఆ తర్వాతే బ్యాటరీ ముట్టుకోవాలి. పేజీలో మొదటి వరసే అది. అక్క ఆ పేజీ చదవలేదు.

డాక్టర్ రాశాడు: "భయపడకమ్మా. పాతది పీకెయ్. ఒక పూట గాలి తగలనివ్వు. కొత్తది వెయ్. ఆట ఎక్కడికీ పోదు." కింద వంతపాట మామూలే.

వీధి చివర వాచీలు బాగుచేసే అతని చేత అక్క అలాగే మార్పించింది.

ఆ మధ్యాహ్నం బావ భోజనానికొచ్చి కంప్యూటర్ ముందు కూర్చుని పగలబడి నవ్వాడు. "రారా బామ్మర్దీ, కొత్త పేషెంటు!" తెర మీద ఉంది: "మీరు చెప్పినట్టే చేశానన్నా. పేరు పోయింది. మళ్ళీ ఎలా తేవాలి?" బావ టైపు కొట్టాడు: "మా సంతాపం. పోయినవాడి పేరు చెబితే రాయి మీద చెక్కిస్తాం." నవ్వులు వరస కట్టాయి.

సూదీదారం ఫొటో పెట్టింది. మా నెట్టు నత్త. ఫొటో పైనుంచి కొంచెం కొంచెంగా దిగింది. చిరిగిన అంచు, వీరుడి నుదురు, ముక్కు, ఆ కింద మీసాలు.

పక్కగదిలో కుట్టుమిషన్ ఆగి చాలాసేపయింది. అప్పుడు తెలిసింది నాకు.

అక్క గుమ్మంలోకొచ్చింది, కళ్ళు వాచిపోయి. "ఏవండీ, నన్ను తిట్టండి, కొట్టండి. మీ సైటులో డాక్టరట, ఎవడో... వాడి చేతులు పడిపోను! చావు ఇంట్లో నవ్వే వెధవ. వాణ్ణి తన్ని తగలెయ్యండి."

"తగలేస్తా" అన్నాడు బావ.

కుర్చీ తిప్పుకుని, డాక్టర్ అనే పేరు మళ్ళీ లోపలికి రాకుండా తాళం వేశాడు. తన సైటుకి తనే బయటివాడయ్యాడు. అక్క కొంగుతో మొహం తుడుచుకుంటూ "మంచి పని చేశారు" అంది. బావ కంప్యూటర్ ఆపేసి, చేతులు కడుక్కోడానికి లేచాడు.

పెద్దదిక్కు లేక సైటులో కొట్లాటలు పెరిగాయి. కొన్నాళ్ళకి ఇద్దరు పాతవాళ్ళు అడ్రస్ కనుక్కుని ఇంటికే వచ్చారు. తలుపు తీసింది అక్క.

"డాక్టర్ గారిల్లు ఇదేనాండీ?"

"కాదు బాబూ, జెరాక్స్ మెకానిక్ గారిల్లు."

"ఆయనేనండీ! మా సైటు డాక్టర్. అబ్బో, ఆయన డోసులు మీకేం తెలుసు! సూదీదారం అని ఒకావిడ వచ్చింది చూడండి..." అని వాళ్ళలో ఒకడు చేతులు తిప్పుతూ మొత్తం చెప్పాడు. రాయి మీద చెక్కిస్తామన్న ముక్క రెండుసార్లు చెప్పాడు, మొదటిసారి ఆమె నవ్వలేదని.

అక్క చివరిదాకా విని, ఇద్దరికీ మంచినీళ్ళిచ్చి, లోపలికి తిరిగి పిలిచింది:

"డాక్టర్ గారూ! మీకోసం వచ్చారు."

తిట్టలేదు, పుట్టింటికి పోలేదు. అప్పట్నుంచీ అదే పిలుపు. "డాక్టర్ గారూ, భోజనం." "డాక్టర్ గారూ, గ్యాసు అయిపోయింది." మెట్ల మీద అందరూ వింటుండగా "డాక్టర్ గారూ, చెప్పులు తడిసిపోతున్నాయి." పక్కింటావిడ అది ముద్దు పేరనుకుని ముసిముసిగా నవ్వుతుంది.

పిలిచిన ప్రతిసారీ బావ పలుకుతాడు.