నాలుగో గడిలో గోధుమలు

2022 ఏప్రిల్లో ఈజిప్టు వాళ్ళు రొట్టె తినాలా, పస్తుండాలా అన్నది నా చేతిలో ఉండేది. నమ్మండి. ఉక్రెయిన్‌లో యుద్ధం మొదలై రెండు నెలలు కావస్తోంది. ఈజిప్టు కొనుక్కునే అక్కడి గోధుమలు ఓడలెక్కడం తగ్గిపోయింది. ప్రపంచమంతా మనవైపు తిరిగి "మీ దగ్గర ఎంత పండింది?" అని అడుగుతోంది. ఆ ప్రశ్నకి జవాబు చెప్పాల్సిన మనిషిని నేను. ఢిల్లీ జనక్‌పురిలో, రెండో అంతస్తులో, లుంగీ కట్టుకుని ఉప్మా తింటూ ఉన్నాను.

ఇక్కడే ఆగి నిజం చెప్పేయడం మంచిది. లేకపోతే మా పాత ఆఫీసు వాళ్ళు ఇది చదివి ఫోన్లు చేస్తారు. దేశం దిగుబడి లెక్క ఏ ఒక్కడి చేతిలోనూ ఉండదు. లక్షల చోట్ల కోసి, తూచి, ఆ అంకెలన్నీ కలిపితే వచ్చేది అది. నా వాటా అందులో చారులో కరివేపాకు రెబ్బ. నేను లేకపోయినా ఈజిప్టు రొట్టె తినేది. మా ఆవిడ ముప్పయ్యేళ్ళు నర్సుగా చేసింది. "మీరు చెప్పే జ్వరం ఎప్పుడూ థర్మామీటరు కంటే రెండు డిగ్రీలు ఎక్కువే" అంటుంది. కానీ ఆ ఏప్రిల్లో నేను సంతకం పెట్టబోయిన ఒక అంకె మీద ఒక ఊరు ఆధారపడింది. ముఖ్యంగా ఒకావిడ బతుకు ఆధారపడింది. ఇది మాత్రం సాగదీసింది కాదు. పేర్లు మార్చాను, అంతే.

నేను పంటల లెక్కల శాఖలో ముప్పయ్యారేళ్ళు చేసి రిటైరయ్యాను. తర్వాత కాంట్రాక్టు మీద మళ్ళీ పిలిచి, ఢిల్లీ చుట్టుపక్కల జిల్లాల్లో క్రాప్ కటింగ్ ఎక్స్‌పెరిమెంట్లు సరిగ్గా జరుగుతున్నాయో లేదో చూసి రమ్మన్నారు. పేరు పెద్దది గానీ పని చిన్నది. పొలంలో అయిదు మీటర్లు పొడవు, అయిదు మీటర్లు వెడల్పు ఉన్న గడి ఒకటి తాడుతో కట్టి, అందులో పంట మాత్రం కోసి, నూర్చి, తూర్పారబట్టి, గింజల్ని తూచడం. ఆ తూకం నుంచి ఎకరానికి ఎంత, ఊరికి ఎంత అన్నది తేలుతుంది.

గడి ఎక్కడ కట్టాలో మనం ఎంచుకోకూడదు. రైతు అసలే ఎంచుకోకూడదు. రాండమ్ నంబర్లు, అంటే లాటరీ లాంటి అంకెల పట్టీ, ఫలానా పొలం అని చెబుతుంది. పొలంలోకి వెళ్ళాక నైరుతి మూల నిలబడి ఇన్ని అడుగులు అటు, ఇన్ని అడుగులు ఇటు అనీ అదే చెబుతుంది. మన ఇళ్ళల్లో నైరుతి మూల బీరువా పెడతారు. మేము అక్కడ మేకు కొడతాం.

పంటల బీమాకీ ఇదే తూకం. ఊరికి నాలుగు గళ్ళు. నాలుగింటి సగటు థ్రెషోల్డ్ ఈల్డ్‌కి, అంటే బీమా హామీ ఇచ్చిన దిగుబడికి తక్కువైతే ఊళ్ళో బీమా కట్టిన వాళ్ళందరికీ పరిహారం. దాటితే ఎవరికీ లేదు. ఒక్కొక్కరి పొలం విడిగా చూడరు.

ఆ ఏడు మార్చిలోనే మే నెల ఎండ కాసింది. గోధుమ గింజ పాలు పోసుకునే వేళ వడగాలి తగిలితే గింజ అక్కడికక్కడే ముడుచుకుపోతుంది. కంకి చూడ్డానికి నిండుగానే ఉంటుంది. నలిపితే జీలకర్రలాగా రాలుతుంది.

నజఫ్‌గఢ్ మీదుగా హర్యానా సరిహద్దు దాటితే వచ్చే ఒక ఊరికి జీపులో వెళ్ళాను. మూడు గళ్ళు ముందే కోసేశారు. మూడూ తక్కువే గానీ మరీ తక్కువ కాదు. నాలుగో గడిలో పది కిలోలు దాటితే సగటు పైకి లేచి ఊరికి పరిహారం పోతుందని లెక్క తేలింది. ఆ నాలుగో గడి రణ్‌బీర్ పొలంలో పడింది.

రణ్‌బీర్‌కి యాభై దాటి ఉంటాయి. తెల్ల తలపాగా, కోర మీసం. నాతోపాటు వ్యవసాయ శాఖ మనిషి ఒకడు, బీమా కంపెనీ మనిషి ఒకడు ఉన్నారు. రణ్‌బీర్ వాళ్ళిద్దర్నీ వదిలేసి నన్నే పట్టుకున్నాడు.

"బాబూజీ, ఆ పక్క చూడండి. కాలవ పక్క ముక్క. అక్కడ పంట చూస్తే మీ కళ్ళు చల్లబడతాయి."

"నంబరు ఇక్కడ పడింది భయ్యా."

"నంబరుకేం తెలుసు బాబూజీ? అది పొలం చూసిందా?"

నేను మేకులు కొట్టించాను.

కోత అయింది. టార్పాలిన్ పట్టా మీద కర్రలతో కొట్టి గింజ రాల్చారు. తూర్పారబట్టింది బిమ్లా. రణ్‌బీర్‌కి వదిన. భర్త పోయి రెండేళ్ళయింది. ఊరి చివర రెండెకరాలు ఆవిడే చేసుకుంటోంది. ఆ రెండెకరాల గోధుమ పూర్తిగా మాడిపోయింది. చేట విదిలిస్తూ, నావైపు చూడకుండానే చెప్పింది: "బీమా వస్తే జూన్‌లో సజ్జలు వేస్తాను తాఊ. రాకపోతే పొలం కౌలుకిచ్చి సోనీపత్‌లో అన్న ఇంటికి పోవాలి. వదిన గిన్నెలు తోమాలి." తాఊ అంటే వాళ్ళ భాషలో పెదనాన్న. గిన్నెల సంగతి ఆవిడ నవ్వుతూనే చెప్పింది గానీ చేట మాత్రం గట్టిగా విదిలించింది.

ఎండ నెత్తిమీదికొచ్చింది. రణ్‌బీర్ భోజనానికి రమ్మన్నాడు. వద్దంటే హర్యానాలో అది తిట్టు కింద లెక్క. గింజల్ని పట్టా మీద కుప్పపోసి, ముగ్గురం ఆయన ఇంటి ముందు గదిలోకి వెళ్ళాం. రొట్టెలు, వెన్న, మజ్జిగ. గోడమీద ఒక పాత ఫోటో. ఎక్కువ పండే పొట్టి మెక్సికో గోధుమ మొదటిసారి వచ్చిన రోజుల్లో విదేశీ శాస్త్రవేత్తలు ఈ ఊరొచ్చి, రణ్‌బీర్ తాత పొలం గట్టు మీద నిలబడి దిగిన ఫోటో అట అది. తాత మధ్యలో ఉన్నాడు. దొరల కంటే ఆయనే ఠీవిగా ఉన్నాడు.

"ఇవాళ మనం కోసిందీ ఆ గట్టు పక్కనే బాబూజీ" అన్నాడు రణ్‌బీర్.

నేను ఫోటో మెచ్చుకుని మజ్జిగ తాగాను. మెచ్చుకోకుండా ఆయన మొహం చూసి ఉంటే బాగుండేది.

చకచకా తినేసి వచ్చి కాటా వేశాం. పది కిలోల ఆరు వందల గ్రాములు. కంపెనీ మనిషి ఫోన్ తీసి కాటా ఫోటో తీసుకున్నాడు. పెళ్ళిచూపుల్లో పిల్ల నచ్చినవాడిలా ఉన్నాడు.

ఇక్కడ ఏం జరిగిందో నేను మా కాలనీ పార్కులో నాలుగేళ్ళుగా ఇలా చెబుతున్నాను. నేను కుప్పలో చెయ్యిపెట్టాను. గింజల మధ్య ఎండిన వేపాకు ఒకటి వేళ్ళకి తగిలింది. కోసిన గోధుమలో వేపాకు ఎక్కడిది? పురుగు పట్టకుండా వేపాకు వేసేది డ్రమ్ములో దాచిన పాత గోధుమలో కదా! ఇవి తెనాలిలో పుట్టిన వేళ్ళు, నన్ను మోసం చేస్తారా? అప్పుడే అంతా అర్థమైపోయింది... పార్కులో ఈ చోట ఎప్పుడూ ఒకరిద్దరు "వాహ్ అంకుల్" అంటారు.

వేపాకు నిజంగానే ఉంది. నేను చూశాను కూడా. చూసి, తీసి పక్కన పారేశాను, అంతే. ఫారం తీసి పెన్ను మూత విప్పాను. అప్పుడు బిమ్లా మంచినీళ్ళ లోటా పట్టుకొచ్చి నా పక్కన వంగి మెల్లిగా అంది.

"ఆ అంకె రాయకు తాఊ."

"ఎందుకమ్మా?"

"మీరు ఇంటి దగ్గరున్నప్పుడు మా మరిది డ్రమ్ములోంచి బొచ్చెతో తెచ్చి కలిపాడు. నేను వద్దన్నాను. ఆడదానివి నీకేం తెలుసన్నాడు."

"కంపెనీ వాడేమైనా ఇస్తానన్నాడా?"

"మా మరిదికా!" ఆవిడ కళ్ళెర్రజేసింది. "ఆయన లంచం తినే మనిషి కాదు. మూర్ఖుడు. నీ ముందు తలవంపులని కలిపాడు."

నా సర్వీసులో ఊళ్ళవాళ్ళు తూకం తగ్గించడం చాలాసార్లు చూశాను. గడి అంచున కంకులు తొక్కేస్తారు, గింజలు జేబులో వేసుకుంటారు, పిల్లల్ని తోలుతారు. తనకే నష్టమయ్యేలా తూకం పెంచిన రైతుని మాత్రం ఎప్పుడూ చూడలేదు. రణ్‌బీర్‌ని బోరు మోటారు దగ్గరికి పిలిచాను.

"ఎంత కలిపావు?"

"ఏం కలిపాను బాబూజీ?"

"వేపాకు దొరికింది."

"వేపచెట్టు అక్కడే ఉంది కదా. ఆకులు రాలవా?"

"రణ్‌బీర్ భాయ్, నేను అబద్ధాలు చెప్పడంలో నీకంటే సీనియర్ని."

ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. మోటారు గద్దె మీద కూర్చున్నాడు. తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"రెండు గుప్పిళ్ళు."

"గుప్పిళ్ళా, బొచ్చెలా?"

"ఒక బొచ్చె." ఒళ్ళో తలపాగా సర్దుకుంటూ అన్నాడు: "ఢిల్లీ నుంచి పెద్దాయన వచ్చాడు. గోడమీద ఆ ఫోటో చూశాడు. ఆ గట్టు కింద ఎనిమిది కిలోలు పండిందని కాగితం మీద రాసుకుపోతాడు. మనిషి చచ్చినా కాగితం ఉంటుంది కదా. రేపెవరైనా తీసి చదివితే, ఫలానావాడి మనవడికి వ్యవసాయం రాదంటారు. బీమా నాకు పోతే పోయిందనుకున్నాను."

"నీకొక్కడికే కాదయ్యా. నీ గడి ఊరందరి గడి. నీ తూకం పెరిగితే మీ వదినకీ రాదు."

ఆయనకిది నిజంగా తెలియదు. బీమా అంటే ఎవరి పొలం వాళ్ళదే అనుకున్నాడు. చేట పక్కన పెట్టి నడుం పట్టుకుని నిలబడిన బిమ్లా వైపు చూశాడు. తర్వాత నేల చూశాడు. "రాసేశారా?" అని అడిగాడు. అంత చిన్న గొంతు అంత పెద్ద మనిషిలోంచి వస్తుందనుకోలేదు.

నాకు ఆయన మీద కోపం రాలేదు. నేను తెనాలి నుంచి వచ్చినప్పటి నుంచీ నా ప్రతి కథలోనూ ఒక బొచ్చె కలుపుతూనే ఉన్నాను. ఉన్నదున్నట్టు చెబితే ఎదుటివాడి కళ్ళల్లో చిన్నవాణ్ణైపోతానన్న భయం నాకు తెలుసు. నాకు దానివల్ల పార్కులో పేరొచ్చింది. ఆయనకి దానివల్ల ఊరు మునిగేది. తేడా అంతే.

అయితే ఏం చెయ్యాలి? రైతు కలిపాడని రాస్తే ఆ కాగితం నిజంగానే ఉండిపోతుంది. ఊళ్ళో ఆయన తలెత్తలేడు. రాయకుండా సంతకం పెడితే బిమ్లా సోనీపత్ బస్సెక్కుతుంది. నేను తిరిగొచ్చి కంపెనీ మనిషితో అన్నాను:

"ఈ గడి చెల్లదు. రిజర్వ్ నంబరు తియ్యి." రిజర్వ్ అంటే మొదటి పొలం పనికిరాకపోతే కోయడానికి పట్టీలో ముందే ఉండే ఇంకో పొలం.

"అదేంటి సార్! తూకం అయిపోయింది. ఫోటో ఉంది."

"గింజ రాలినప్పటి నుంచి కాటా ఎక్కేదాకా మనలో ఒకరు కుప్ప దగ్గర ఉండాలి. ఉన్నామా?"

"భోజనానికి వెళ్ళాం కదా సార్."

"కుప్ప భోజనానికి రాలేదు కదా. తప్పు నాది. నేనే రాసి సంతకం పెడతాను."

"పైవాళ్ళు మిమ్మల్నే అడుగుతారు సార్."

"అడగనీ. రిటైరైనవాణ్ణి మళ్ళీ రిటైర్ చేస్తారు, అంతేగా."

ఫారంలో సూపర్‌వైజర్ నిర్లక్ష్యం వల్ల గడి రద్దు అని రాశాను. రిజర్వ్ పొలం ఊరికి అవతల ఇంకొకరిది. మధ్యాహ్నం ఎండలో మళ్ళీ మేకులు, మళ్ళీ తాడు. ఈసారి రణ్‌బీర్ తనే కొడవలి పట్టాడు. కుప్ప పక్కన బిమ్లా గొంతుక్కూర్చుంది. కాకిని కూడా వాలనివ్వలేదు. ఎనిమిది కిలోల మూడు వందలు తూగింది. కంపెనీ మనిషి మొహం కూడా ఆ ఏటి గోధుమ గింజలా అయింది. పాపం, అతని ఉద్యోగం అతనిది.

నాకు మెమో వచ్చింది. సంజాయిషీ రాసిచ్చాను. ఊరికి పరిహారం కొన్ని నెలలు ఆలస్యంగా వచ్చింది గానీ వచ్చింది. అప్పటిదాకా బిమ్లా రణ్‌బీర్ ఇచ్చిన విత్తనంతో సజ్జలు వేసింది. ఆయన అడక్కుండానే తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్ళిపోయాడట.

ఈ కేసు నాకు నేర్పింది ఇది. అంకెని దొంగలే పాడుచేస్తారనుకుని మేము కాపలా నేర్చుకున్నాం. పరువు కోసం పాడుచేసేవాళ్ళ సంగతి మా ట్రైనింగులో ఎవరూ చెప్పలేదు. ఆ తర్వాత ఏ పొలానికి వెళ్ళినా మేకు కొట్టకముందు రైతుని పక్కన కూర్చోబెట్టి చెప్పేవాణ్ణి: "ఇది నీకు పరీక్ష కాదు. ఎండకీ వానకీ పరీక్ష. ఇందులో నీకు మార్కులుండవు. పైకెళ్ళే లెక్కలో నీ పేరుండదు, ఊరి సగటే ఉంటుంది." చెప్పడానికి అయిదు నిమిషాలు పట్టేది. ఆ అయిదు నిమిషాలు రణ్‌బీర్ దగ్గర ఎందుకు ఖర్చు పెట్టలేదా అని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇది అచ్చుకి పంపేముందు బిమ్లాకి ఫోన్ చేసి, హిందీలో మొత్తం చదివి వినిపించాను. వాళ్ళ కథ కదా, అడగడం ధర్మం. ఈజిప్టు దగ్గర నవ్వింది. బొచ్చె దగ్గర "నిజమే" అంది. తప్పు నా నెత్తిన వేసుకున్న చోట నేను గొంతు కొంచెం బరువు చేసి చదివాను. అవతల కళ్ళు తుడుచుకుంటోందేమో అనుకున్నాను.

"తాఊ, నెత్తిన వేసుకోవడమేంటి? తప్పు నీదే కదా!" అంది బిమ్లా. "చకచకా తినేసి వచ్చావా? నాలుగు రొట్టెలు తిని, మంచమెక్కి గంటన్నర గుర్రుపెట్టావు. ఆ ఇద్దరూ నిన్ను లేపడానికి భయపడి బయట బీడీలు కాలుస్తూ కూర్చున్నారు. నువ్వు పడుకోకుండా ఉంటే మా మరిదికి ఆ బొచ్చె నింపే తీరికెక్కడిది? అది కూడా రాయి."