మునికుమార్ రకం చెప్పిన ఆట

మదనపల్లె టమాటా మార్కెట్టులో మునికుమార్ పని కాయను చూసి రకం చెప్పడం. రైతు తెచ్చిన సరుకులోంచి ఒక క్రేటు తీసి, నేల మీద పరిచిన గోతం మీద కుమ్మరిస్తాడు. పైన పేర్చిన కాయలు ఎవరివైనా ఎర్రగానే ఉంటాయి. అతను అడుగు కాయలు చూస్తాడు. వేళ్లతో నొక్కి, తొడిమ దగ్గర గోటితో గీరి, మొదటిదనో రెండోదనో మూడోదనో అంటాడు. ఆ మాట మీద వేలం మొదలవుతుంది. తెలీదు అనే మాట ఆ పనిలో లేదు. అన్నవాణ్ణి మర్నాడు ఎవరూ పిలవరు.

పుంగనూరు నుంచి రోజూ బస్సెక్కి వచ్చే ఈ మనిషికి డిగ్రీ ఉంది. మా వైపు డిగ్రీ ఉండటం, జేబులో దువ్వెన ఉండటం దాదాపు ఒకటే. అతనికి నిజంగా వచ్చిన విద్య ఇంకొకటి: కంప్యూటర్లో తుపాకీ ఆట. ఆడేవాడికి ఆ లోకం తన కళ్లతోనే చూస్తున్నట్టు కనిపిస్తుంది, ముందు తుపాకీ గొట్టం ఒక్కటే ఉంటుంది. మార్కెట్టు పని మధ్యాహ్నానికే అయిపోయేది కాబట్టి నెట్ సెంటరులో సాయంత్రం దాకా ఆడేవాడు. పక్క సీటు నాది. నేను చచ్చినప్పుడల్లా పుస్తకం తీసి చదివేవాణ్ణి. అతను చచ్చేవాడు కాదు.

మునికుమార్ పనిచేసే మండీ యజమాని ఉమాశంకర్ కుప్పంలో, ఇంజనీరింగు కాలేజీకి పోయే దారిలో, ఒక గది తీసుకున్నాడు. ఆటల సెంటరు పెట్టాలని అతని ఆశ. మునికుమార్ ఆడే ఆటే ఈ మధ్య టీవీకి తగిలించే కన్సోల్‌కు కూడా వచ్చింది. అది పెట్టాలా వద్దా తేల్చుకోలేక, ఒక కన్సోల్ తెప్పించి మునికుమార్‌ను పిలిచాడు.

"ఆడి సూసి రకం సెప్పు మునీ. బాగుందంటే సెంటరు పెడతా, సూసుకునేదానికి నువ్వే ఉండు. లేదంటే గది జెరాక్సు షాపుకు ఇచ్చేస్తా. ఎన్నాళ్లని టమాటాలు పిసుకుతావు?"

ఆరేళ్లుగా మునికుమార్ ఎదురు చూసిన మాట అది. ఆదివారం నన్ను కూడా లాక్కుని కుప్పం వెళ్లాడు.

గదిలో ఉమాశంకర్ వాళ్లన్న కూతురు హరిత ఉంది. ఆ కాలేజీలోనే మూడో సంవత్సరం. స్నేహితురాలి కన్సోల్ మీద రెండేళ్లుగా ఆడుతున్న పిల్ల. ఇక్కడ మౌస్ లేదు. కంట్రోలర్ మీది రెండు చిన్న పుల్లల్ని బొటనవేళ్లతో తిప్పాలి. మొదటి అరగంట మునికుమార్ గోడల్ని కాల్చాడు, ఆకాశాన్ని కాల్చాడు, బాంబు వేసి తనే పోయాడు.

"అన్నా, మదనపల్లె ఛాంపియన్ అంటిరే నిన్ను," అంది హరిత.

"ఆ ఛాంపియన్ మౌస్ కాడే ఉండిపోయినాడు మా. ఈడికి రాలేదు."

తర్వాత తూటాలు తగలడం మొదలైంది. వరసగా ముగ్గురు పడ్డారు. నేను అతని భుజం తట్టాను. అతను మాత్రం కంట్రోలర్‌ను తిరగేసి చూశాడు.

"నేను వాని పక్కన కాల్సినా. వానికి తగిలింది. ఎట్లా?"

"ఎయిమ్ అసిస్ట్ అన్నా. గురి దగ్గరికి పోతే మిషనే లాగి వాని మీద పెడతాది. పుల్లతో మౌస్ అంత బాగా రాదు కదా, అందుకు."

"అంటే కొట్టింది నేనా, అదా?"

హరిత కాస్త ఆలోచించింది. "ఇద్దరూ."

మునికుమార్‌కు ఆ లెక్క ఎక్కలేదు. అడుగు చూడనిదే రకం చెప్పని మనిషి. సెట్టింగుల్లోకి వెళ్లి ఆ సాయం ఆపేశాడు. ఇక ఒక్కడికీ తగల్లేదు. హరిత కూడా అలాగే ఆడి చూసింది. నిలబడి ఉన్న మనిషి చుట్టూ గోడకు చుక్కలు పెట్టింది గాని మనిషిని కొట్టలేకపోయింది.

"ఇట్లా ఎవురూ ఆడరన్నా," అని విసుక్కుంది.

అతని ముఖం తేటపడింది. సాయం తీస్తే ఆటే లేదు. మూడో రకం అనుకున్నాడు. ఇంతలో హరిత సాయం మళ్లీ పెట్టి, అతన్ని తనతో ఆడమంది. ఇద్దరికీ ఒకటే సాయం. ఆమె ఎప్పుడూ అతని వెనక నుంచే వచ్చి ఇరవై సార్లు చంపింది, అతను ఆరుసార్లు.

"మిషనే కొడతా ఉంటే నువ్వు యాల గెలుస్తాండావు?"

"యాడ నిలబడాల, ఎప్పుడు తిరగాల, అది మిషన్ సెప్పదు కదన్నా."

అతను నా వైపు తిరిగాడు. "నువ్వు పుస్తకాలు సదువుతావు కదరా, సెప్పు. రైతు కాయను గుడ్డతో తుడిసి తెస్తాడు. మోసమా?"

"కాదు."

"నూనె గుడ్డతో తుడిస్తే?"

"మోసమే."

"ఇది ఏ గుడ్డ?"

నాకు ఇన్నేళ్లు చదివిన పుస్తకాల మీద కోపం వచ్చింది. అతనికి ఆట నచ్చింది కూడా, చిక్కంతా అక్కడే ఉంది. బాగుందనిపిస్తే ఉద్యోగం కోసం అలా అనిపిస్తోందేమోనని, బాలేదనిపిస్తే ఆడపిల్ల చేతిలో ఓడినందుకేమోనని గొణుక్కుంటూ ఇంకో రెండు గంటలు ఆడాడు.

నాలుగింటికి ఉమాశంకర్ వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, మార్కెట్టులో అడిగినట్టే అడిగాడు.

"ఏం మునీ, ఎన్నో రకం?"

"రెండోదన్నా."

అనేశాక మునికుమారే ఉలిక్కిపడ్డాడు. అతను ఇంకా ఏమీ తేల్చుకోలేదు. ఆ ప్రశ్నకు ఊరుకోవడం అతని నోటికి అలవాటు లేదు, అంతే.

"అడుగున ఏముండాది?"

"సాయం ఉండాది. పిల్లోడు తానే కొట్టినాననుకుంటాడు, సగం మిషన్ కొడతాది. అయినా ఆట వచ్చినోళ్లే గెలుస్తాండారు. అదెట్లనో నాకు సరిగ్గా అందలేదన్నా."

ఉమాశంకర్ నవ్వాడు. "మొదటి రకం కొనేవాడు నూటికొకడు. ఊరంతా తినేది రెండోదే కదప్పా. పెట్టేద్దాం."

మునికుమార్ నా చేయి గట్టిగా పట్టుకున్నాడు.

"సూసుకునేదానికి మాత్రం హరిత క్లాసులో చరణ్ అని ఉండాడు, వాణ్ణి పెడతా," అన్నాడు ఉమాశంకర్.

"నేను కదన్నా?"

"కొనేకాడ నీలాంటోడు కావాల మునీ. అమ్మేకాడ నువ్వు కూచుంటే ఎట్లా? వచ్చిన పిల్లోనితో, కొట్టింది నువ్వు కాదు నాయనా, మిషను అంటావు. వాడు మళ్లీ వస్తాడా?"

"అడగకుంటే సెప్పనన్నా."

"అడుగుతారు. నువ్వు సెప్తావు. నీ సంగతి నాకు తెలీదా?"

"అన్న నేర్చుకుంటాడు చిన్నాయనా," అంది హరిత. ఉమాశంకర్ ఆమె మాట వినిపించుకోలేదు. మునికుమార్ వీపు మీద ప్రేమగానే చేయి వేశాడు. తిట్టి ఉంటే నాకు ఇంత మండేది కాదు.

తిరుగు బస్సు పలమనేరు దాటింది. అతను గంగవరం దగ్గర అడిగాడు.

"మొదటి రకం అనుంటే పని వచ్చుండునా?"

"వచ్చుండు."

"అది అబద్ధం కదా."

"అబద్ధమే."

"నేను సెప్పింది సరిగ్గానే ఉండాదా?"

"ఉండాది. ఆయన ఒప్పుకున్నాడు కదరా."

"మరి?"

 చెప్పిన మాట నమ్మి, చెప్పినవాణ్ణి వద్దనడం ఏ న్యాయమో నాకూ అర్థం కాలేదు. పుంగనూరులో బస్సు ఆగింది. అతను దిగబోయి మెట్టు మీద ఆగాడు.

"ఆ పిల్ల ప్రతిసారీ నా ఎనక నుంచే ఎట్లా వచ్చిందిరా? అట్లా వచ్చేదానికి మిషను సాయం లేదంట కదా."

నేను తెలీదన్నాను. కండక్టరు కేకలేసేదాకా అతను అక్కడే నిలబడి, నేను ఇంకేదో చెబుతానని చూశాడు.