ఎంచుకున్నది ఎవరు

ఆఫీసులో అందరూ ఆమెను లిస్టక్క అంటారు. తొమ్మిదేళ్లుగా ఆమె పని ఒకే ఒక్క లిస్టు. ప్రోగ్రాములు రాసుకునే ఎడిటర్‌లో కింద కుడి మూలన, ఫైలు ఏ ప్రోగ్రామింగ్ భాషలో ఉందో చెప్పే చిన్న మాట ఒకటి ఉంటుంది. దాన్ని నొక్కితే అరవై రెండు భాషల పట్టీ దిగుతుంది. భాష సరిగ్గా ఉంటే రాసిందంతా రంగురంగులుగా విడివడి కనిపిస్తుంది. తప్పితే మాత్రం, శుభ్రంగా ఉన్న లైన్ల కింద కూడా ఎర్ర గీతలు పాకుతాయి. అప్పుడు జనం మండిపడుతూ మెయిళ్లు రాస్తారు: "నేను ముట్టుకోలేదు, ఎవరు మార్చారు?"

చాలాసార్లు మార్చేది ఎడిటరే. ఫైలు చూసి ఏదో ఒకటి ఊహించేస్తుంది. కొన్నిసార్లు మార్చేది వాళ్లే, మార్చి మరిచిపోతారు. ఈ తగువు తెగేలా లిస్టక్క ఈసారి ఒక చిన్న లైను చేర్పించింది. భాష పేరు పక్కనే "ఎడిటర్ ఊహ" అనో, "మీ ఎంపిక" అనో కనిపిస్తుంది, ఎన్ని గంటలకో కూడా. ఇక ఎవరూ దబాయించలేరని ఆమె మురిసిపోయింది.

కొత్త వెర్షన్ బయటికి వెళ్లే ముందు ఆమె వారం రోజులు అద్దాల గదిలో, కెమెరా ముందు కూర్చుని దానితోనే పని చేస్తుంది. బయటివాళ్లను కూర్చోబెట్టి గమనించే కుర్చీలో ముందు మనం కూర్చోవాలన్నది ఆమె పట్టింపు.

మంగళవారం పని మధ్యలో ఎర్ర గీతలు లేచాయి. మూలన, ఇప్పుడెవరూ వాడని ఒక పాత భాష పేరు. ఇరవై ఆరేళ్ల కిందట ఆమె పని నేర్చుకున్నది అందులోనే. పక్కన: "మీ ఎంపిక, 11:10."

ఆమె లిస్టు తెరవనే లేదు.

"ఒరేయ్ గడ్డం, ఇలా రా," అని ఆ లైను రాసిన ప్రోగ్రామర్‌ను కేకేసింది. "నీ కోడు పట్టపగలు అబద్ధాలాడుతోంది."

"నా కోడుకి అంత తెలివే ఉంటే నేను ఇంట్లో కాళ్లు చాపుకుని పడుకునేవాణ్ని కదక్కా."

బుధవారం 11:42కి, గురువారం 10:55కి మళ్లీ అదే భాష, అదే మాట. గడ్డం రెండు రోజులు కోడంతా జల్లెడ పట్టాడు. తప్పు దొరకలేదు. మిగతావాళ్ల మెషీన్లలో ఒక్కదానిలోనూ ఇలా జరగలేదు.

"ఇంకోసారి వెతుకు," అంది లిస్టక్క.

"నాలుగుసార్లు వెతికా."

"అయిదోసారి వెతికితే నీ గడ్డం ఊడిపోదులే."

ఒక తప్పు దొరకాలని ఆమె ఇంతగా కోరుకోవడం ఇదే మొదలు. మెషీన్‌లో లేకపోతే అది తనలో ఉన్నట్టు. తల్లికి మతిమరుపు యాభై రెండో ఏట మొదలైంది. పొయ్యి మీద తానే గిన్నె పెట్టి, "ఎవరే ఇది పెట్టింది?" అని కూతుళ్ల మీద విరుచుకుపడేది. అది నటన కాదు, నిజమైన కోపం. ఆరేళ్లు తిరిగేసరికి ఆ కూతుళ్లెవరో కూడా తెలియకుండా పోయింది. లిస్టక్కకు ఇప్పుడు యాభై ఒకటి.

ఆ సాయంత్రం, తనతోనే ఉండే చెల్లెలికి సంగతి చెప్పింది.

"ఆ కంప్యూటర్ మాట నమ్ముతావా, నీ మాట నమ్ముతావా అక్కా?" అంది చెల్లెలు.

"అమ్మ కూడా తన మాటే నమ్మేది."

చెల్లెలు తుడిచిన ప్లేటునే మళ్లీ తుడుస్తూ ఉండిపోయింది.

శుక్రవారం గడ్డానికి వెలిగింది. "అక్కా, ఆ గదిలో కెమెరా తిరుగుతూనే ఉంది కదా! చూసేస్తే పోలా?"

ఆమెకు ఆ సంగతి మంగళవారమే తట్టింది. నోరెత్తలేదు.

మంగళవారం రికార్డింగు పెట్టారు. తెర ఒక సగంలో ఆమె ముఖం, రెండో సగంలో ఆమె ముందున్న ఎడిటర్.

"బాగానే పడ్డావక్కా, సినిమాల్లో..." అంటూ మొదలుపెట్టిన గడ్డం మధ్యలోనే ఆగిపోయాడు.

సరిగ్గా 11:10కి ఆమె చేయి మౌస్ మీదికి వెళ్లింది. లిస్టు దిగింది. వెతుకులాట లేదు, సరాసరి ఆ పాత భాషను నొక్కింది. తర్వాత రెండు చేతులతో రాయసాగింది. లిస్టక్క జన్మలో అంత వేగంగా రాసింది లేదు. చూపు తెర మీద లేదు. కొంచెం పక్కకు, ఖాళీ కుర్చీ వైపు ఉంది, అక్కడెవరో కూర్చుని చెబుతుంటే రాసుకుంటున్నట్టు. మధ్యలో సరేనన్నట్టు తల ఊపింది. ఒకసారి నవ్వింది. నాలుగు నిమిషాల తర్వాత, రాసిందంతా చెరిపేసి చేతులు ఒళ్లో పెట్టుకుంది. 11:15కి ఉలిక్కిపడింది, మూలకేసి చూసింది, "ఒరేయ్ గడ్డం, ఇలా రా," అని కేకేసింది.

గడ్డం రికార్డింగు ఆపేశాడు.

"ఆ 'మీ ఎంపిక' లైను తీసేద్దాం అక్కా," అన్నాడు గడ్డం, ఆమె వైపు చూడకుండా. "జనం హడలిపోతారు."

"అది తప్పు చెప్పిందా?"

"లేదు."

"మరి ఉండనీ. వెర్షన్ పంపించెయ్."

వరండాలోకి వెళ్లి చెల్లెలికి ఫోన్ చేసింది. సోమవారానికి డాక్టరు దగ్గర టైము తీసుకోమంది. అటునుంచి చెల్లెలు ఏదో అడగబోతుండగానే పెట్టేసింది. తిరిగొచ్చి కుర్చీని తెరకు దగ్గరగా లాక్కుంది.

"మళ్లీ పెట్టు," అంది. "ఈసారి మెల్లగా. ఆవిడ ఏం రాసిందో చదవాలి."