రిచ్‌మండ్ రైల్లో తోటల యజమాని

మా అమ్మాయి షారన్‌కి హైస్కూల్ హిస్టరీ క్లాసులో చీటీ తీస్తే దక్షిణాది పక్షం వచ్చింది. అమెరికా అంతర్యుద్ధానికి ముందు ఆ రాష్ట్రాలు దేశం నుంచి ఎందుకు విడిపోవాలన్నాయో, బానిసత్వం ఎందుకు ఉండాలన్నాయో నిలబడి వాదించాలి. "ఆ మాటలు నేను చెప్పను మమ్మీ. జీరో వచ్చినా ఫైన్" అని భీష్మించుకుంది. జీరో నాకు ఫైన్ కాదు. ఆ వాదనలు హోరాహోరీగా సాగిన రిచ్‌మండ్ మాకు దగ్గరే కనక, అక్కడి మ్యూజియం చూపిస్తే మనసు మారుతుందేమోనని శనివారానికి రైలు టికెట్లు బుక్ చేశాను. మా తెలుగు చర్చిలో సండే స్కూల్ చెప్పే దానియేలు గారు తానూ వస్తానన్నారు. వాదన ఉందంటే ఆయన భోజనం కూడా మానేస్తారు.

హెర్న్‌డన్‌లో ఏడింటికి బయలుదేరి, అలెగ్జాండ్రియాలో కారు పెట్టి ఎనిమిదిన్నర రైలెక్కాం. వెళ్లేవాళ్లు ఎడమ వైపు కూర్చోండి, పొటోమాక్ నది కనిపిస్తుంది. మేమూ అటే కూర్చున్నాం గానీ నదిని ఎవరం చూడలేదు. పులిహోర డబ్బా ఖాళీ కాగానే దానియేలు గారు, "నేను బానిసలున్న పత్తి తోటల యజమానిని. నువ్వు ఖండించమ్మా" అని ఇంగ్లీషులో మొదలుపెట్టారు. ఆయన గొంతుకి మైకు అక్కర్లేదు.

పత్తి లేకపోతే దేశమే లేదన్నారు. బైబిల్లో అబ్రాహాముకి దాసులు లేరా, పారిపోయిన దాసుడు ఒనేసిమును పౌలు యజమాని దగ్గరికి తిప్పి పంపలేదా అని అడిగారు. తర్వాత సీట్లోంచి సగం లేచారు. "మేం తిండి పెడతాం, బట్టలిస్తాం, జబ్బు చేస్తే చూసుకుంటాం. వాళ్లు మా ఇంటి మనుషులు!"

పెట్టెలో అందరూ మా వైపు తిరిగారు. షారన్ హుడీ ముక్కు దాకా లాక్కుంది. నేను కిటికీ మీద రాసి ఉన్న ప్రమాద సూచనలు భక్తిగా చదువుకున్నాను.

పక్క వరసలో ఊలు అల్లుకుంటున్న ఒక పెద్దావిడ, నల్లజాతి ఆవిడ, సూదులు ఒళ్లో పెట్టి, ఇదంతా ఆయన నమ్ముతున్నారా అని అడిగింది. దానియేలు గారు కంగారుగా షారన్ని చూపించి ప్రాక్టీస్ అన్నారు.

"బాగా చెప్తున్నారు. అదే భయంగా ఉంది" అందావిడ.

పేరు ఎవెలిన్. రిచ్‌మండ్‌లో చెల్లెలి ఇంటికి వెళ్తోంది. 'ఇంటి మనుషులు' అనే మాట ఎక్కడ నేర్చుకున్నారని ఆవిడ అడిగితే, దానియేలు గారి గొంతు మొదటిసారి తగ్గింది. గుంటూరు వైపు ఒక ఆసామి దగ్గర వాళ్ల తాత బతుకంతా పాలేరుగా చేశాడట. వచ్చిన చుట్టాలందరికీ ఆసామి ఆయన్ని మా ఇంటి మనిషి అనే చెప్పేవాడట.

"ఇంటి మనిషేనండీ. ఇంట్లోకి మాత్రం రానిచ్చేవారు కాదు."

ఎవెలిన్ నవ్విన నవ్వుకి ఊలు ఉండ సీటు కిందికి దొర్లింది. బానిసగా ఉన్న వాళ్ల ముత్తవ్వ దగ్గరా యజమానులు ఇదే డైలాగ్ కొట్టేవారట. షారన్ హుడీలోంచి బయటికొచ్చి ఉండ తీసిచ్చి, ఈ పక్షం వచ్చుంటే మీరైతే ఏం చేస్తారని అడిగింది.

"వాళ్లు ఏమన్నారో అదే చెప్పు. మర్యాదగా మార్చకు. మార్చేవాళ్లు చాలామందే ఉన్నారు" అందావిడ.

మ్యూజియంలో షారన్ రాష్ట్రాలు విడిపోతూ ప్రకటించిన కారణాల పత్రాల దగ్గర చాలాసేపు నిలబడింది. "అంకుల్, స్టేట్స్‌కి రైట్స్ కావాలన్నారు కదా. మరి పారిపోయిన బానిసల్ని మేం పట్టివ్వం అని నార్త్ స్టేట్స్ అంటే ఎందుకు కోపం వచ్చింది?" అని అడిగింది. తోటల యజమాని వాచీ చూసుకుని, లంచ్ చేద్దామా అన్నారు.

సాయంత్రం తిరుగు రైల్లో షారన్ తనంతట తనే మొదలుపెట్టింది. "మేం విడిపోతున్నాం. కారణం బానిసలు. వాళ్ల పని మాకు కావాలి, వాళ్ల ఫ్రీడమ్ వద్దు. బైబిల్, పత్తి, రైట్స్, అన్నీ దానికోసమే."

రిచ్‌మండ్ చూడటానికి ఒక్క రోజు చాలు. కానీ మంచి మనుషుల్లా కనిపించాలని అప్పట్లో అక్కడివాళ్లు ఎంత కష్టపడ్డారో అర్థం కావడానికి, తోడుగా పిల్లలెవరైనా ఉండాలి.

దానియేలు గారికి మాత్రం తృప్తి కలగలేదు. "ఇంత సూటిగా చెప్తే ఓడిపోతావమ్మా" అన్నారు.

"ఓడిపోవాలి కదా అంకుల్" అంది షారన్.